సీసా తెచ్చుకోండి: కృపాదానం గారితో ఇరవై రెండేళ్లు

1956వ సంవత్సరం సెప్టెంబరు మూడవ తేదీ, సోమవారం ఉదయం, ఆంధ్రప్రదేశ్ అవతరణకు ఇంకా రెండు మాసాల వ్యవధి ఉండగా, మాచర్ల దారిలోని మన ధర్మాసుపత్రి మందుల గదిలో శ్రీ తలతోటి కృపాదానం గారు కాంపౌండరుగా విధులలో చేరారు. నాటికి వారికి ఇరవై ఆరేళ్లు నిండలేదు. వెంట తెచ్చుకున్న రేకు పెట్టెకు కట్టిన పురికొసను కోయకుండా, ముడి తరువాత ముడి ఓపికగా విప్పి, చుట్ట చుట్టి, బీరువా పై అరలో భద్రపరచిన పిమ్మటనే వారు హాజరు పుస్తకంలో సంతకం చేశారని ఆనాటి సిబ్బంది చెప్పుకొనేవారు. ముప్పై రెండేళ్ల పైచిలుకు సేవానంతరం, 1988 డిసెంబరు ముప్పై ఒకటవ తేదీన వారు పదవీ విరమణ చేస్తున్నారు. ఈ రెండు తేదీల నడుమ ఈ ఆసుపత్రి నుంచి ఒక్క తాడు ముక్క గాని, ఒక్క బిరడా గాని, ఒక వైపు తెల్లగా మిగిలిన ఒక్క కాగితం గాని వారి ఎరుకతో చెత్తకుండీకి చేరలేదు.

ఈ సంచికకు వ్యాసం రాయవలసిందిగా సన్మాన సంఘం వారు నన్ను కోరినప్పుడే, ఫిర్యాదులు రాయవద్దని కూడా హెచ్చరించారు. వారి హెచ్చరికలో న్యాయం ఉంది. కార్యాలయ గుమాస్తాగా ఇరవై రెండేళ్లు కృపాదానం గారితో ఒకే గది పంచుకున్నవాణ్ణి నేను. ఆ గదిలో నా బల్ల ఒక్కటీ నాది, తక్కిన స్థలమంతా వారి సీసాలది, అట్టపెట్టెలది, గోనె సంచులది. వారిని గౌరవించని రోజు నాకు జ్ఞాపకం లేదు, వారి మీద విసుక్కోని రోజు అసలే జ్ఞాపకం లేదు. ఒకటి రాసి రెండవది దాచితే ఈ వ్యాసం అబద్ధమవుతుంది కనుక, సంఘం వారు క్షమించాలి, రెండూ రాస్తాను.

నరసరావుపేట సమీపంలోని ఒక మిషన్ బడిలో ఉపాధ్యాయులుగా పనిచేసిన కీర్తిశేషులు యేసుపాదం గారికి కృపాదానం గారు రెండవ కుమారులు. పలక పగిలితే పగిలిన ముక్క మీదనే పిల్లల చేత అక్షరాలు దిద్దించిన తండ్రి గారి పెంపకంలోనే వారికి ఈ గుణం అబ్బి ఉండవచ్చు. గుంటూరులో శిక్షణ ముగించుకొని ఇక్కడ చేరిన తరువాత వారి తొలి దశాబ్దమంతా సాగరు కాలువ తవ్వకానికి వచ్చిన కూలీల జ్వరాలతో, విరేచనాలతో గడిచింది. మిక్చరు కలపడానికి మందు ఉండేది గాని, పోసి ఇవ్వడానికి సీసాలు ఉండేవి కావట. అప్పుడు వారు ఇల్లిల్లూ తిరిగి ఆముదం సీసాలూ తేనె సీసాలూ అడిగి తెచ్చి, బూడిదతో తోమి, ఉడకబెట్టి, ఎండబెట్టి రోగుల చేతికి ఇచ్చారు. ఆ సీసాల పుణ్యాన ఎందరు ప్రాణాలతో ఇళ్లకు వెళ్లారో నేను చెప్పలేను. సీసాల కరవు తీరిపోయినా వారి అలవాటు మాత్రం తీరలేదని నిస్సందేహంగా చెప్పగలను.

1966లో నేను చేరిన మొదటి రోజున వారు నా చేతిలో ఒక పెన్సిలు పెట్టారు. పెన్సిలంటే వేలిగోరంత ముక్క, దానికి పట్టు కోసం తొడిగిన జొన్నదంటు. "ఇంకా ఆరు నెలలు వస్తదండీ" అన్నారు. నేను నవ్వాను. అది ఏడు నెలలు వచ్చింది.

1980వ సంవత్సరంతో పరిస్థితి మరింత విషమించింది. ఆ ఏడాది జనవరి ఒకటవ తేదీ ఉదయం, చర్చిలో ఆరాధన ముగించుకొని వచ్చిన కృపాదానం గారు, సిబ్బంది అందరం వసారాలో టీ తాగుతుండగా లేచి నిలబడి, కొత్త ఏడాదికి మనమందరం ఒక కొత్త అలవాటు చేసుకోవాలని, దానిని ఏడాది పొడవునా తప్పక పాటించాలని ప్రతిపాదించారు. ఇతర కార్యాలయాలలో కొత్త సంవత్సరానికి కేలండర్లు పంచుతారు, మిఠాయిలు పంచుతారు. మనకు ప్రతి జనవరి ఒకటవ తేదీన ఒక నియమం పంచబడింది. అందరూ తలలూపారు. తలలూపిన వారిలో నేనూ ఉన్నాను. టీ చల్లారిపోతుందన్న తొందర తప్ప నా సమ్మతికి వేరే కారణం లేదు.

మొదటి ఏటి నియమం కవర్లకు సంబంధించినది. వచ్చిన ప్రతి కవరునూ అతుకులు విప్పి, లోపలి వైపు బయటికి తిప్పి, మైదా పిండి జిగురుతో మళ్లీ అంటించి పంపాలి. నేను నరసరావుపేటకు పంపిన నెలవారీ నివేదిక దారిలో అతుకు విడిపోయి, లోపల దాగిన మన ఆసుపత్రి చిరునామా బయటపడి, తిరిగి మనకే వచ్చింది. అలా ఒకసారి కాదు, మూడుసార్లు వచ్చింది. మూడవసారి పోస్ట్‌మాన్ మహమూద్ దానిని నా బల్ల మీద పెడుతూ, "ఏంది సాబ్, మీ ఉత్తరాలు మీకే రాసుకుంటన్నారా?" అని అడిగాడు. ఈ సంగతి నేను కొంత కోపంతోనే విన్నవించగా, కృపాదానం గారు కవరును వెలుతురుకు ఎత్తి పట్టి శ్రద్ధగా పరిశీలించి, "జిగురు పల్చనైందండీ. ఇంకాసేపు ఉడికిస్తే సరి" అన్నారు. అదీ వారు ఇచ్చిన సమాధానం.

మరుసటి ఏడు పార్సిళ్ల తాళ్లు. మందుల కంపెనీ మనిషి ఎదురుగా కూర్చుని గడియారం చూసుకుంటుండగా నేను గోళ్లతో ముడులు విప్పేవాణ్ణి, కత్తెర మాత్రం వారి సొరుగులో తాళంలో ఉండేది. ఆ తరువాతి ఏడు బెణుకులకు చుట్టే గుడ్డ పట్టీల వంతు వచ్చింది. వాటిని ఉతికి, ఉడకబెట్టి, పెరట్లో తాళ్ల మీద ఆరవేయించారు. స్టాఫ్ నర్సు జరీనా గారు ఒకనాడు నా బల్ల ముందు నిలబడి, "భాయ్, ఇది ఆసుపత్రా, చాకిరేవా? మీరన్నా ఒక మాట చెప్పండి" అని వాపోయారు. నేను చెప్పాను. కృపాదానం గారు సాంతం విని, పట్టీలు మడత పెట్టడంలో నా సాయం కోరారు. మడత పెట్టాను. పెట్టకుండా ఉండటమెలాగో నాకు ఈనాటికీ తెలియదు.

1984వ సంవత్సరపు నియమం మందుల గది కిటికీ పక్కన, ఒక పాత అట్టపెట్టె మూత మీద, వారి ముత్యాల వంటి దస్తూరీలో వెలసింది: సీసా తెస్తేనే మందు. దూరపు ఊళ్ల నుంచి వచ్చిన వారికి మాత్రం తాము శుభ్రపరచి దాచిన సీసాలలో పోసి ఇచ్చేవారు. చుట్టుపక్కల వారు ఎవరి సీసా వారు తెచ్చుకోవలసిందే. న్యాయంగా చెప్పాలంటే ఇందులో వారు జాగ్రత్త విడువలేదు. ప్రతి సీసానూ అందుకొని ఇంతకుముందు ఇందులో ఏముండేదని అడిగేవారు, ఆపైన మూతి దగ్గర ముక్కు పెట్టి రెండుసార్లు వాసన చూసేవారు. సందేహం కలిగితే ఆ సీసా పక్కన పెట్టి వేరొకటి ఇచ్చేవారు. ఈ వాసన చూడటానికి పట్టే కాలం నా సహనానికి పరీక్షగా ఉండేది.

ఆ ఏడు నవంబరులో, పత్తి తీతలు ముమ్మరంగా సాగుతున్న రోజులలో జరిగిన సంగతి ఇక్కడ రాయక తప్పదు. మన పక్క ఊరి కూలి మనిషి ధనమ్మ ఉదయం పది గంటల వేళ చీటీ పట్టుకొని కిటికీ దగ్గరికి వచ్చింది. ఆమె భర్త వెంకటేశ్వర్లు పిడుగురాళ్ల సున్నపు బట్టీలలో పనిచేసి, ఆ దుమ్ముకు దగ్గు పట్టుకొని, ఇంటికి వచ్చి మంచాన పడ్డాడు. డాక్టరు గారు దగ్గు మిక్చరు రాశారు.

"సీసా ఏదమ్మా?" అని కృపాదానం గారు అడిగారు.

"తేలేదయ్యా. పనికి పోవాల, ఆదరాబాదరా వచ్చా."

"ఊరు దగ్గరే గదా. ఒకటి కడిగి తెచ్చుకో, పోసిస్తా."

ఆమె వెళ్లి, అరగంటలో తడి ఆరని సీసాతో తిరిగి వచ్చింది. అప్పటికి కిటికీ ముందు వరుస వసారా దాటి గేటు వరకు సాగింది. మధ్యాహ్నానికి నేను రోగుల రిజిస్టరు పూర్తి చేసి డాక్టరు గారికి చూపవలసి ఉంది, మందుల గది పని తెమిలితే తప్ప నా పని తెమలదు. నేను బల్ల దగ్గర నుంచే గొంతు పెంచి, "కృపాదానం గారూ, ఆ సీసాల వాసన తరవాత చూద్దురు గాని, ముందు జనాన్ని పంపించండి" అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఎంత విసుగుతో అన్నానో కూడా నాకు బాగా గుర్తు.

వారు నా వైపు ఒకసారి చూశారు. ధనమ్మ సీసా అందుకొని, "ఇంతకుముందు దీంట్లో ఏముండేదమ్మా?" అని అడిగారు.

"మందేనయ్యా" అంది ఆమె.

వారు మిక్చరు పోసి, బిరడా బిగించి, ఇచ్చి పంపారు. వాసన చూడలేదు.

మధ్యాహ్నం రెండు గంటలకు వెంకటేశ్వర్లును ఎడ్లబండి మీద తీసుకువచ్చారు. ఒళ్లంతా చెమట, నోటి వెంట నురగ, కంటిపాపలు ఆవగింజంత. డాక్టరు గారు ధనమ్మ చేతిలోని సీసా లాక్కుని వాసన చూసి, "ఇది చేలో కొట్టే మందు సీసా" అన్నారు. పత్తి కాలంలో పురుగుమందు తగిలిన వారి కోసం మనం సిద్ధంగా ఉంచే విరుగుడు ఇంజెక్షన్లు ఒకదాని వెంట ఒకటి ఇచ్చారు. జరీనా గారు ఆ మంచం పక్కనుంచి కదలలేదు. ఆసామి గట్టున పడేసిన సీసాను ధనమ్మ బూడిదతో మూడుసార్లు తోమి తెచ్చిందట. అడిగినదానికి ఉన్న మాటే చెప్పింది. పల్నాడులో దగ్గుకు తాగేదీ మందే, పత్తి మీద పురుగుకు కొట్టేదీ మందే.

వెంకటేశ్వర్లు బతికాడు. మూడవ రోజుకు లేచి కూర్చుని గంజి తాగాడు. ఆ మూడు రోజులూ కృపాదానం గారు పని చూసుకుంటూనే ఉన్నారు గాని, భోజనం డబ్బా విప్పగా నేను చూడలేదు. వారు వార్డులోకి వెళ్లినప్పుడు ధనమ్మ మంచం కోడు పట్టుకొని లేచి నిలబడింది.

"అయ్యా, నేను అబద్ధం చెప్పలా. మందనే చెప్పా" అంది. నేరం తన మీదికి వస్తుందని ఆమె భయం.

"నువ్వు చెప్పింది నిజమేనమ్మా. నేనడిగిన తీరే సరిగ్గా లేదు" అని వారు ఆమెను కూర్చోబెట్టారు.

ఆ సాయంత్రం వారు నా బల్ల దగ్గరికి వచ్చి కొత్త కాగితం ఒకటి కావాలని అడిగారు. అంతవరకు వారు నన్ను కొత్త కాగితం అడిగి ఎరుగరు. నిలబడే ఒక పేజీ రాసి, సంతకం చేసి, డాక్టరు గారికి ఇచ్చి వచ్చారు. దస్త్రంలో పెట్టేటప్పుడు నేను చదివాను. సీసా తెమ్మని వెనక్కు పంపింది తానేనని, గదిలో కడిగిన సీసాలు ఉండి కూడా ఇవ్వలేదని, వాసన చూడకుండా మందు పోశానని, బాధ్యత పూర్తిగా తనదేనని అందులో ఉంది. నా ప్రస్తావన ఎక్కడా లేదు. డాక్టరు గారు వారిని తీవ్రంగా మందలించారు, లిఖితపూర్వకంగా కూడా హెచ్చరించారు.

"నేను తొందరపెట్టిన సంగతి ఎందుకు రాయలేదు?" అని మర్నాడు అడిగాను.

"సీసా నా చేతిలో ఉందా, మీ చేతిలో ఉందా?" అన్నారు వారు. ఆపైన, "మీరు రోజూ తొందరపెడతారు మొహిద్దీన్ గారూ. ఆ ఒక్క రోజు నేను విన్నాను" అన్నారు.

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు కొంత సులువుగా ఉండేది. నాలుగేళ్లుగా దస్త్రంలో ఒక్కరి పేరే ఉంది. ఈ సంచిక చదివే సహోద్యోగులకూ, వారి కుటుంబ సభ్యులకూ, ఆ నాటి తప్పులో సగం ఈ వ్యాసకర్తదని ఈ సందర్భంగా తెలియపరుస్తున్నాను. ఈ మాటే డాక్టరు గారికి నిన్న రాసి ఇచ్చాను.

అట్ట మీది నియమాన్ని వారే తీసివేశారు. ఆ ఏడు మిగిలిన రోజులన్నీ వారు ఏమీ కూడబెట్టలేదు, ఎవరికీ ఏమీ చెప్పలేదు. కవర్లు కొత్తవి వాడినా చూడనట్టు ఊరుకున్నారు. ఏ ప్రశాంతత కోసం నేను పద్దెనిమిదేళ్లు మొత్తుకున్నానో అది లభించింది. వారం తిరగకుండానే నాకు దాని మీద విసుగు పుట్టిందని చెబితే నమ్ముతారో లేదో.

1985 జనవరి ఒకటవ తేదీన వసారాలో టీ తాగుతూ అందరం కృపాదానం గారి వైపే చూస్తున్నాము. ఈసారి లేవరనే అనుకున్నాము. వారు గ్లాసు కింద పెట్టి లేచారు.

"ఇన్నేళ్లు ఏది మళ్లీ వాడాలో చెప్పా. ఏది వాడగూడదో చెప్పలా. సగం పాఠం చెప్పి వదిలేశా" అన్నారు. "ఈ ఏడు అది చేద్దాం. మళ్లీ వాడే ప్రతి సీసా మీదా, డబ్బా మీదా అంతకుముందు ఏముందో రాసి అంటిద్దాం. పురుగుమందు పోసిన సీసా పగలాల, డబ్బాకు చిల్లు పడాల. రెండూ భూమిలో పూడ్చాల."

జరీనా గారు, "ఊళ్లో ఎవరు పగలగొడతారు సార్? మంచి మూత ఉన్న డబ్బాని ఏ ఆడమనిషీ పోగొట్టుకోదు" అన్నారు. "మనం మార్చి ఇద్దాం సిస్టరు గారూ" అన్నారు వారు. పురుగుమందు డబ్బా ఒకటి ఇస్తే, మన దగ్గర ఉడకబెట్టి ఆరబెట్టిన సీసాలు రెండు ఇవ్వాలని వారి పథకం. ఆ సీసాలన్నీ ఎక్కడున్నాయో నాకు వేరే చెప్పనక్కరలేదు, ఇరవై ఏళ్లుగా నా మోకాళ్లకు తగులుతూనే ఉన్నాయి.

ఆ పథకానికి ఆదివారాలు కేటాయించారు. వారు చర్చి నుంచి వచ్చేసరికి నేను రెండవ సైకిలుతో సిద్ధంగా ఉండాలి. నన్నెవరూ బలవంతం చేయలేదు. గోనె సంచిలో సీసాలు ఒకదానికొకటి తగలకుండా మధ్య పాత పట్టీలు కుక్కి, ఎండలో, గతుకుల దారిలో, ఏడుస్తూనే తొక్కాను. దారి పొడవునా నేను సణుగుతూనే ఉన్నాను, వారు ముందు సైకిలు మీద పాటలు కూనిరాగం తీస్తూనే ఉన్నారు.

ఒక ఊళ్లో హజ్రా బీ అనే పెద్దావిడ పురుగుమందు డబ్బాలో పప్పునూనె దాచుకుంది. కృపాదానం గారు వాకిట్లో గొంతుక్కూర్చుని అరగంట సేపు విషమంటే ఏమిటో, రేకు దానిని ఎలా పీల్చుకుంటుందో వివరించారు. ఆవిడ సాంతం విని, "ఐదేళ్ల బట్టీ వాడతన్నా నాయనా, నాకేం కాలా. డెబ్బై ఏళ్లొచ్చినయ్" అంది. వారు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. నాకిక ఓపిక నశించి, సంచిలోంచి వెడల్పు మూతి సీసా ఒకటి తీసి, మూత బిగించి తలకిందులు చేసి చూపించి, "అమ్మీ, ఇది కారదు. మీ డబ్బా కారతది" అన్నాను. ఆవిడ తన డబ్బా కింద నూనె మరక చూసుకుని, లోపలికి వెళ్లి, ఇంకో రెండు డబ్బాలు కూడా తెచ్చి ఇచ్చింది. ఆ నూనె పారబోయించడానికి మరో అరగంట పట్టింది. తిరుగు దారిలో కృపాదానం గారు సైకిలు నెమ్మది చేసి నా పక్కకు వచ్చారు. "నాకంటే మీరే బాగా చెప్తన్నారండీ" అన్నారు. నా జీవితంలో నేను కోరుకోకుండా పొందిన ప్రశంస అది.

మూడు పత్తి కాలాలు అలా తిరిగాము. రెండవ ఏడు ధనమ్మ తన ఊరి బాధ్యత తానే తీసుకుంది. ఉలీ సుత్తీ పట్టుకొని ఆసాముల గట్ల మీదికే వెళ్లి డబ్బాలకు చిల్లులు పెట్టి వచ్చేది, గట్టు మీద సీసా వదిలేసిన ఆసామిని మొహం మీదే అడిగేది. వెంకటేశ్వర్లు మళ్లీ సున్నపు బట్టీలకు పోలేదు, ఇంటి దగ్గరే గొర్రెలు మేపుకుంటున్నాడు. మందుల గది కిటికీ దగ్గర నేటికీ మన సిబ్బంది సీసా అందుకుంటూనే, "మనిషి మందా, చేను మందా?" అని అడుగుతారు. ఆ ప్రశ్న కృపాదానం గారిది. కొత్తగా చేరిన వారు అది ఎక్కడో శిక్షణలో నేర్పిన ప్రశ్న అనుకుంటున్నారు. పొరపాటున పురుగుమందు కడుపులోకి పోయి మన వార్డుకు వచ్చేవారు ఇదివరకటికంటే చాలా తగ్గారని జరీనా గారు చెబుతున్నారు. ఆవిడ ఊరికే పొగిడే మనిషి కారు.

కృపాదానం గారి అర్ధాంగి శ్రీమతి రూతమ్మ గారికి మన సిబ్బంది అందరి పక్షాన కృతజ్ఞతలు, కొంత సానుభూతి కూడా. ఇంతకాలం కృపాదానం గారి శ్రద్ధాసక్తులను ఇల్లూ ఆసుపత్రీ చెరి సగం పంచుకున్నాయి, ఇకమీదట ఇంటికి పూర్తి భాగం దక్కుతుంది. వారి కుమార్తె, తెనాలిలో ఉపాధ్యాయినిగా ఉన్న చిరంజీవి ఎస్తేరు, ఈ వ్యాసం రాస్తున్నానని తెలిసి నాకు ఉత్తరం రాసింది. "మా నాన్నను మరీ తిట్టకండి మామయ్యా" అని అందులో ఒక వాక్యం ఉంది. సాధ్యమైనంతలో ఆ మాట మన్నించానని అనుకుంటున్నాను.

మొన్న సాయంత్రం కిటికీ మూసిన తరువాత వారు నా బల్ల ఎదుట కూర్చున్నారు. "ఈసారి ఒకటో తారీకు ఆదివారం వచ్చింది. నా కొలువు ముందు రోజే అయిపోద్ది. వసారాలో ఎవరు మాట్లాడతారు?" అని అడిగారు.

"మీరే రండి" అన్నాను.

"పదవి దిగినోడు చెప్తే ఎవరు వింటారండీ?"

"పదవిలో ఉన్నప్పుడు మాత్రం ఎవరు విన్నారు? విసుక్కున్నాం, చేశాం. అట్లానే చేస్తాం."

వారు నవ్వారు. ఏ అలవాటు ఆలోచించి పెట్టారో నేను అడగలేదు, వారు చెప్పలేదు.

ఆర్యా, కృపాదానం గారూ, మీ కంటిచూపు మందు చీటీలోని సన్నని అక్షరాన్నీ, మీ మోకాళ్లు పల్నాడు గతుకుల దారినీ ఇంకా చిరకాలం తట్టుకొనుగాక. రూతమ్మ గారి చేతి వంటతో, మనుమల అల్లరితో, రోగబాధ ఎరుగని సంపూర్ణ ఆయుష్షుతో మీరు వర్ధిల్లుదురుగాక. జనవరి ఒకటవ తేదీన ఆరాధన ముగియగానే బయలుదేరండి. మీ గ్లాసు మీకు పోసి ఉంచుతాము, టీ చల్లారేలోపు రండి.

మీ
షేక్ గులాం మొహిద్దీన్
కార్యాలయ గుమాస్తా